సెన్సర్ చెడగొట్టింది మామ కాదు

జాబర్ మామ పోయాడన్న వార్త నాకు పొద్దున పదకొండింటికి తెలిసింది. ఎంబ్రాయిడరీ షెడ్డులో మిషన్ ముందు నిలబడి ఉన్నాను. మామ పెద్దకొడుకు ఫోన్ చేసి, "బావా, బాపు పోయిండు" అన్నాడు. మిషన్ల మోతలో నాకు వినపడలేదు. "ఏంది? జర గట్టిగ చెప్పు" అని అరిచాను. పాపం, వాడు మళ్లీ చెప్పాడు, ఈసారి గట్టిగా. కన్నతండ్రి చావును కొడుకు చేత రెండుసార్లు చెప్పించాను. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

మామ ఆసుపత్రిలో తొమ్మిది రోజులున్నాడు. కరోనా వార్డు కాబట్టి లోపలికి ఎవరినీ పోనివ్వలేదు. ప్లాస్టిక్ సంచిలో చుట్టి అప్పగించారు. శ్మశానంలో నలుగురమే ఉన్నాం. సూరత్‌లో మేముండే గోడాదరా బస్తీలో మిగతా అందరూ ఫోన్లలోనే ఏడ్చారు. మా తెలుగువాళ్ల సంఘం ఫోన్ గ్రూపు దండల బొమ్మలతో, దీపాల బొమ్మలతో నిండిపోయింది. పడవ మోటారులో ఆక్సిజన్ సెన్సర్‌తో తిప్పలు పడ్డ మనిషి చివరికి ఆక్సిజన్ అందకనే పోయాడని ఎవరో కవిత్వంలా రాశారు. నేను దాని కింద "ఇట్ల రాయకు" అని పెట్టాను. మనిషి చావులో చమత్కారం వెతకడం నాకు నచ్చదు.

ఆ మెసేజుల్లో ఒక మాట మాత్రం మళ్లీ మళ్లీ కనపడింది. "పడవ విషయంలో ఒక పొరపాటు చేసినా, మనిషి బంగారం." ఒకరు రాస్తే పదిమంది అదే కాపీ చేసి పెట్టారు. చదువుతున్న మీకు ముందే చెప్పేస్తున్నాను, నేనిది రాస్తున్నది ఆ ఒక్క వాక్యాన్ని కొట్టేయడానికే. ఆ పొరపాటు ఆయనది కాదు, నాది. బతికుండగా చెప్పాల్సింది, చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను, ఎవరికి ఇష్టమున్నా లేకున్నా.

ఆయన నాకు రక్తసంబంధం ఏమీ కాదు. మా నాన్న, ఆయన ఒకే రైల్లో కరీంనగర్ వైపు నుంచి సూరత్ వచ్చారు. అందుకని మామ. జాబర్ అంటే మరమగ్గాల షెడ్డులో మగ్గాలు బాగుచేసే మనిషి. ఉధ్నాలో ఒక పెద్ద షెడ్డు మొత్తం ఆయన చేతిమీద నడిచేది. మగ్గం ఆగితే ముందు పానా పట్టేవాడు కాదు. అరచేయి చొక్కాకు తుడుచుకుని, దాన్ని మగ్గం చట్రం మీద పెట్టి కాసేపు ఊరుకునేవాడు. తర్వాత బోల్టులు విప్పుతూ తెలుగులో గట్టిగా లెక్కపెట్టేవాడు. పక్కనున్న బిహారీ కారిగర్లతో, అంటే మగ్గం నడిపే పనివాళ్లతో, హిందీలో ముచ్చట పెడుతూనే మధ్యలో "ఏడు... ఎనిమిది..." అనేవాడు. వాళ్లకు తెలుగులో వచ్చిన మాటలన్నీ ఆ అంకెలే.

కొత్తగా వచ్చిన పనివాళ్లకు ఆయన చెప్పే మొదటి మాట ఒకటుండేది. "మిషన్ బందైతే ఎవడు జేసిండని అడగకు. ఏం జేసిండని అడుగు. ఎవడు అంటే అందరు అబద్ధం చెప్తరు. ఏంది అంటే ఒక్కడన్న నిజం చెప్తడు." ఆ షెడ్డులో ఇంకో రివాజు కూడా ఉండేది. గుడ్డ పాడై సేఠ్ కోపంగా లోపలికి వస్తే, ఏ కారిగర్ చేయి తప్పినా సరే, జాబర్ ముందుకొచ్చి "నాది గల్తీ" అనాలి. కారిగర్‌ను సేఠ్ ఒక్క మాటతో తీసేస్తాడు. జాబర్‌ను తీసేస్తే రేపటికి సగం మగ్గాలు ఆగిపోతాయి, అందుకని తిట్టి వదిలేస్తాడు. మామ ఇరవై ఏళ్లు అలా ఎవరెవరి తిట్లో తిన్నాడు. ఇంటికొచ్చి ఆ తిట్లను సేఠ్ గొంతుతో మళ్లీ చెప్పి నవ్వించేవాడు.

మొదటి లాక్‌డౌన్‌లో మగ్గాలన్నీ ఆగిపోయాయి. చాలామంది మూటలు సర్దుకుని ఊళ్లకు పోయారు. మామ పోలేదు. "మగ్గాలు ఈడ, నేనాడ? ఏం జేయాలె ఆడ?" అన్నాడు. ఆ నెలల్లోనే మా సంఘానికి ఒక పడవ వచ్చింది. లింబాయత్ వైపు ఖాడీ, అంటే ఊరి మధ్య నుంచి పారే వాగు, వానకాలంలో పొంగితే గల్లీల్లోకి నడుములోతు, ఒక్కోచోట మెడలోతు నీళ్లు వస్తాయి. ప్రతి ఏడూ సర్కారు పడవ కోసం మేడలెక్కి ఎదురుచూడటం మాకు అలవాటు. సముద్రంలో షికారుకు వాడుకునే ఫైబర్ పడవ ఒకటి మూలన పడి ఉంటే, ఒక బట్టల సేఠ్ దాన్ని మోటారుతో సహా సంఘానికి ఇచ్చేశాడు. మోటారు పడవ వెనక అంచుకు తగిలించేది, అవుట్‌బోర్డ్ అంటారు. ఆరుగురం ఎత్తితే ఆరుగురికీ నడుములు పట్టుకున్నాయి.

దాన్ని మూసి ఉన్న మగ్గాల షెడ్డులో ఇనుప స్టాండుకు బిగించాం. రంగుల మిల్లు నుంచి తెచ్చిన పెద్ద డ్రమ్ములో నీళ్లు నింపి, మోటారు కాలు అందులో ముంచి స్టార్ట్ చేసేవాళ్లం. నీళ్లు లేకుండా నడిపితే లోపల పంపు మాడిపోతుంది. మామకు అంతకుముందు పడవ మోటారు ముట్టిన అనుభవం లేదు. అయినా నాలుగు రోజుల్లో దాని బోల్టులు కూడా లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పని లేక నేనూ ఆయన వెంట ఉండేవాణ్ని. కమిటీ మా ఇద్దరికే పడవ అప్పగించింది.

ఇక నా ఘనకార్యం. మా ఎంబ్రాయిడరీ మిషన్ల దగ్గర అన్నిటికీ ఒకటే మందు, సిలికాన్ స్ప్రే. దారం తెగితే సిలికాన్, సూది వేడెక్కితే సిలికాన్, ఏదైనా కీచుమంటే సిలికాన్. ఒకరోజు మామ అన్నానికి పోయినప్పుడు, మోటారు మీద ఉప్పుతుప్పు కనపడితే నా చేయి ఊరుకోలేదు. పైమూత తీసి లోపలంతా సిలికాన్ కొట్టాను. అంతటితో ఆగానా? మోటారు నడుస్తుండగా గాలి పీల్చే నోట్లోకి కూడా కొట్టాను, లోపల నున్నగా తిరుగుతుందని. నున్నగానే తిరిగింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. మరుసటి రోజు కూడా కొట్టాను, ఆ తర్వాత రోజు కూడా.

వారం తిరగకుండానే మోటారు మీద హెచ్చరిక లైటు వెలిగింది. నల్లపొగ, పెట్రోలు కంపు. మెల్లగా నడిపితే దగ్గి ఆగిపోతోంది. సముద్రం ఒడ్డున పడవలు బాగుచేసే ఒక గుజరాతీ మిస్త్రీ నంబరు సంపాదించి మామ వీడియో కాల్ చేశాడు. ఆక్సిజన్ సెన్సర్ తీసి చూడమన్నాడు ఆయన. పొగ బయటికి పోయే దారిలో ఉంటుందది. పొగలో ఎంత ఆక్సిజన్ మిగిలిందో చూసి, పెట్రోలు ఎక్కువవుతోందో తక్కువవుతోందో మోటారులోని కంప్యూటర్‌కు చెబుతుంది. అది తప్పు చెబితే మోటారు తప్పు తాగుతుంది.

సెన్సర్ తీయడానికి మామకు పూట పట్టింది. తుప్పు పట్టిన మరల మీద నూనె వేసి, అది దిగేదాకా బీడీ కూడా కాల్చకుండా కూర్చున్నాడు. సెన్సర్ తోకలా వైరు ఉంటుంది కాబట్టి మామూలు పానా దూరదు. పాత రింగు పానాను ఒకవైపు కోసి, వైరు దూరేలా చేసుకున్నాడు. మోటారును కాసేపు నడిపి ఆపి, బ్యాటరీ వైరు తీసి, ఇంకా గోరువెచ్చగా ఉండగానే తిప్పాడు. చల్లబడితే మరలు పట్టేస్తాయని మిస్త్రీ చెప్పాడు. బయటికొచ్చిన సెన్సర్ మూతిని ఫోనుకు చూపించాడు. మసి పట్టి నల్లగా ఉంటుందనుకున్నాం. బియ్యప్పిండి అద్దినట్టు తెల్లగా ఉంది.

"సఫేద్ హై? ఫిర్ సిలికాన్ గయా హై భాయ్," అన్నాడు మిస్త్రీ. "కాలా హోతా తో సాఫ్ హో జాతా. యే నహీ హోగా. బదల్నా పడేగా." తెల్లగా ఉందంటే లోపలికి సిలికాన్ పోయింది, నల్లగా ఉంటే శుభ్రమయ్యేది, తెల్లనిది కాదు, మార్చాల్సిందే అని.

ఫోన్ పెట్టేసి మామ నావైపు చూడలేదు. సెన్సర్‌నే చూస్తూ, "ఏం కొట్టిన్రు దీనికి?" అన్నాడు. ఎవరు అని అడగలేదు. షెడ్డులో ఉన్నది మేమిద్దరమే, అయినా అడగలేదు.

"సిలికాన్, మామా. గాలి తీసుకునే కాడ కూడ కొట్టిన."

"ఎన్నిసార్లు?"

"మూడు రోజులు."

"మంచిగ కొట్టినవ్ అల్లుడా. బోర్డర్ మీద జరీ కుట్టినట్టే కుట్టినవ్," అన్నాడు. అంతే. ఒక్క తిట్టు లేదు. తిట్టి ఉంటే నేను ఆ తర్వాత చేసిన పిరికిపని చేసి ఉండేవాణ్ని కాదేమో. లేదు, అదీ సాకే. చేసి ఉండేవాణ్ని.

మిస్త్రీ కాదన్నా మామ ఒప్పుకోలేదు. సెన్సర్ మూతిని పెట్రోలులో నానబెట్టాడు. మెత్తని బ్రష్‌తో, ఇనుప బ్రష్ ముట్టకుండా, పసిబిడ్డ పళ్లు తోమినట్టు తోమాడు. మళ్లీ నానబెట్టాడు. మూడు రోజుల తర్వాత కూడా తెల్లగానే ఉంది. కొత్తది కొందామంటే దుకాణాలు మూత, కొరియర్లు బంద్. "రాకుంటే రాకపాయె. ఇది లేకుండ నడుస్తదా నడవదా, అది చెప్పు," అని మిస్త్రీని పట్టుకున్నాడు. సెన్సర్ వైరు ఊడదీస్తే కంప్యూటర్ అంచనా మీద నడుపుతుందని, పెట్రోలు ఎక్కువ తాగుతుందని, ప్లగ్గులు మసిబారుతాయని మిస్త్రీ చెప్పాడు. "నడుస్తది కద," అన్నాడు మామ.

ఆ వానకాలం నీళ్లు రానే వచ్చాయి. సెన్సర్‌ను దాని చోట బిగించేసి, వైరు ఊడదీసి, హెచ్చరిక లైటు వెలుగుతుండగానే మామ పడవ దించాడు. మొదటి రోజంతా మూతికి మాస్కు కట్టుకుని, గల్లీ గల్లీకి తిరిగి జనాన్ని తెచ్చాం. పోయి రావడం ఒక ఖేపు. ప్రతి రెండు ఖేపులకు ఒకసారి మామ ప్లగ్గులు తీసి తుడిచేవాడు. రెండోరోజు మధ్యాహ్నం జనం ఎక్కువై తుడిచే తీరిక లేకపోయింది. పదకొండు మందితో గల్లీ మధ్యలో మోటారు ఆగిపోయింది. పడవ అడ్డం తిరిగింది. ఒక ముసలమ్మ నీళ్లలో పడింది. మామ దూకి పట్టుకున్నాడు కానీ ఆమె మణికట్టు విరిగింది. తాడు కట్టి, మెడలోతు నీళ్లలో పడవను లాగి ఒడ్డుకు చేర్చాం.

నీళ్లు దిగాక కమిటీ కూర్చుంది. సెన్సర్ చెడిందని, దాని వైరు ఊడదీసి నడిపారని ఎలాగో వాళ్లకు తెలిసింది. మా అధ్యక్షుడు, మేం కాకా అని పిలిచే పెద్దమనిషి, "ఎవడు ఖరాబ్ జేసిండు?" అని అడిగాడు. ఆయన తమ్ముడి షెడ్డులోనే నాకు పని. ఆ వారమే మిషన్లు మళ్లీ మొదలయ్యాయి. నేను తల దించుకున్నాను. మామ లేచి నిలబడ్డాడు.

"నాది గల్తీ," అన్నాడు. ఉధ్నా షెడ్డులో సేఠ్ ముందు అన్నట్టే అన్నాడు.

కానీ ఇక్కడ తిట్టి వదిలేయలేదు. పడవ తాళంచెవి తీసేసుకున్నారు. ఇకమీద ఈ మనిషి మోటారు మీద చేయి పెట్టరాదని కమిటీ పుస్తకంలో రాశారు. ఆ తాళంచెవి ఎవరికిచ్చారో తెలుసా? నాకు.

దారిలో "మామా, నేను పోయి చెప్తా" అన్నాను. నిజంగానే ఏడుస్తున్నాను.

"చెప్పి ఏం జేస్తవ్? నిన్ను గూడ తీసేస్తరు. ఇద్దరం పోతే మోటార్ ఎవడు జూస్తడు? ఆళ్లు మళ్లొక్కసారి సిలికాన్ కొడ్తరు," అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపాడు. "కొత్త సెన్సర్ రానీ. పెట్టు. మోటార్ మంచిగైనంక నువ్వే పోయి చెప్పు. అప్పటిదాంక నా పేరే ఉండనీ."

సెన్సర్ చలికాలంలో వచ్చింది. మిస్త్రీయే ఎక్కడినుంచో తెప్పించి పంపాడు. బిగించే రోజు మామ షెడ్డుకు వచ్చి, మోటారుకు రెండు మూరల దూరంలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. కమిటీ తరఫున చూడటానికి వచ్చిన మనిషి, "నీకు ఈడ పని లేదు కద?" అన్నాడు.

"చెయ్యి పెట్టొద్దన్నరు. నోరు పెట్టొద్దనలే. పుస్తకం తీసి సూడు," అన్నాడు మామ.

ఆ పూటంతా ఆ నోరు ఆగలేదు. "మూతి ముట్టకు. ముందు నీ చెయ్యి తుడుసుకో. తుప్పు పట్టకుండ పూసే పూత మరలకే, మూతికి అంటొద్దు. మొదలు వేళ్లతోనే తిప్పు, పానా తర్వాత. అరే, మగ్గం బోల్టు గాదురా అది, ప్రాణం తీస్తవా దానిది? ఆపు. సాలు. వైరు వేడికి తగలకుండ కట్టు." డ్రమ్ములో నీళ్లు నింపి స్టార్ట్ చేశాను. లైటు వెలగలేదు. పొగ లేదు. మెల్లగా తిప్పినా దగ్గలేదు. మామ అరచేయి చొక్కాకు తుడుచుకున్నాడు. మోటారు మీద పెట్టబోయి, కమిటీ మనిషిని చూసి ఆపుకున్నాడు. ఆ చేయి నేను పట్టుకుని మోటారు మీద పెట్టి ఉండాల్సింది. పెట్టలేదు.

అప్పుడే చెప్పాల్సింది కూడా. మోటారు బాగైంది, మాట ప్రకారం వంతు నాది. పండగ అయ్యాక అనుకున్నాను. షెడ్డులో పని కుదురుకున్నాక అనుకున్నాను. మామ ఒక్కసారి కూడా గుర్తుచేయలేదు. సంఘం మీటింగులకు వస్తే వెనక కుర్చీలో కూర్చునేవాడు. ఎవరైనా "ఏం జాబర్, పడవ ముంచేటోనివి" అని పరాచికమాడితే తనూ నవ్వేవాడు. నేను అక్కడే ఉండేవాణ్ని, జేబులో తాళంచెవితో. మూడు నెలలు గడిచాయి. తర్వాత రెండో కరోనా వచ్చింది, మామకు జ్వరం వచ్చింది.

పదోరోజున మామ ఇంటి ముందు మాస్కులతో ఇరవైమంది దాకా కూర్చున్నాం. అధ్యక్షుడు కాకా లేచి మంచిమాటలు చెప్పాడు. నిజమైన మాటలే. చివర్న "పడవ విషయంల చిన్న పొరపాటు చేసినా..." అన్నాడు. నేను లేచాను.

"పొరపాటు మామది గాదు కాకా. సిలికాన్ కొట్టింది నేను. మామకు ఎర్కుండి కూడ నా పేరు చెప్పలే."

కాకా మెల్లగా, "కూసో రా. పోయినోడు పోయిండు. ఇప్పుడెందుకు గివన్ని?" అన్నాడు.

"పుస్తకంల మార్చి రాయుండ్రి."

"రాసిన పుస్తకంల గీతలు కొడితే మంచిగుంటదా? ఊకో."

తాళంచెవి తీసి ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని తీసుకోలేదు. ఆ మోటారు నడపడం ఇంకెవరికీ రాదు, ఇద్దరం పోతే మోటార్ ఎవడు జూస్తడన్న మామ లెక్క అంత పక్కా లెక్క. అప్పుడు లోపలి గడపలోంచి అత్త గొంతు వినిపించింది.

"గిన్ని నెల్ల సంది నా ఇంట్ల ఎట్ల తిన్నవ్ రా అన్నం?"

అత్తకూ తెలియదన్నమాట. ఇంట్లో కూడా చెప్పలేదు ఆయన. కట్టుకున్న భార్య కూడా పొరపాటు ఆయనదే అనుకుంటూ బతికింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు, అయినా ఎత్తి నిలబడ్డాను. అత్త ఇప్పటికీ నాతో మాట్లాడదు. ఆమె కోపం న్యాయమైనది. దాన్ని తగ్గించమని నేను ఎవరినీ అడగను.

కాకాకు మాత్రం ఆరోజే చెప్పాను. "పుస్తకంల మీరు రాయకుంటే నోటితోని నేను చెప్త. పడవ ఎక్కినోళ్లందరికి చెప్త." ఉడుకురక్తం, నాలుగు రోజుల్లో చల్లారుతుందని అనుకున్నట్టున్నారు.

ఈ వానకాలం నీళ్లు మళ్లీ వచ్చాయి. పొద్దున్నే పడవ దించాను. మొదటి గల్లీలో పవర్‌లూమ్ షట్టర్లు సగం దాకా మునిగి ఉన్నాయి. మెట్ల మీది నుంచి ఎనిమిదిమంది దిగి వచ్చారు, నెత్తిన మూటలు, ఒక ముసలమ్మ చంకలో పిండిడబ్బా. అందరూ ఎక్కాక మోటారు స్టార్ట్ చేయకుండా లేచి నిలబడ్డాను.

"పోయినేడు ఈ మోటార్ సెన్సర్ చెడగొట్టింది నేను. జాబర్ మామ గాదు. ఆయన బాగుజేసిండు. నేను నడుపుతున్న."

వానలో అందరూ నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశారు. పిండిడబ్బా ముసలమ్మ, "సరే బిడ్డా, ఇన్నం. ఇగ నడుపు, డబ్బ తడుస్తది," అంది. నడిపాను.

రెండో ఖేపులో చెప్పాను. మూడో ఖేపులో చెప్పాను. ఒక బిహారీ కుటుంబానికి హిందీలో చెప్పాను. కమిటీ మనిషి ఒకడు నీళ్లలోంచి "అరే, జల్దీ పోనీ, ముచ్చట్లేంది!" అని అరిచాడు. ఆ అరుపు కింద కూడా మొత్తం చెప్పాకే కదిలాను.

మధ్యాహ్నానికి ఆ పిండిడబ్బా ముసలమ్మ వాళ్ల కోడలి ఇంటి గల్లీ చూపిస్తానని మళ్లీ ఎక్కింది. మూల తిరిగేసరికి పై అంతస్తు గ్యాలరీలో పదిమంది దాకా ఉన్నారు, పిల్లల్ని ఎత్తుకుని, దిగడానికి తోసుకుంటూ. నేను మోటారు మెల్లగా చేసి లేవబోతున్నాను. నాకంటే ముందు ఆమె లేచింది. ఒక చేత్తో నా భుజం పట్టుకుని, ఇంకో చేయి పైకెత్తి, ఆ వానలో గొంతు చించుకుని అరిచింది.

"తోసుకోకుండ్రి! ఎక్కేటందుకు ముందు ఈ పిలగాడు జాబర్ గురించి ఒక మాట చెప్తడు. అందరు ఇనుండ్రి!"

గ్యాలరీలో తోపులాట ఆగింది. అందరూ కమ్మీల మీద వంగి, వాన నీళ్లు ముఖాల మీద కారుతుండగా, వినడానికి నిలబడ్డారు.